పక్క మీద తొమ్మిది గంటలు

మా మేనత్త తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కొడుకు డాలస్‌లో. పోయినేడాది వేసవిలో వాడు వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి బాదం పప్పు, చాక్లెట్లతో పాటు ఊదారంగు మూత సీసా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. మెలటోనిన్, 10 మిల్లీగ్రాముల మాత్రలు. "రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకో అమ్మా, హాయిగా నిద్ర పడుతుంది" అన్నాడు. మామయ్య పోయి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లుగా ఆమెకు సరైన నిద్ర లేదు. నెల తరవాత నాకు ఫోన్ చేసింది. "ఏరా, సీసా సగమైంది. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది, నిద్ర మాత్రం అంతంతే. రోజుకు రెండు వేసుకోనా?"

వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పాలంటే అసలు నిద్ర ఎలా వస్తుందో ముందు చెప్పుకోవాలి.

నిద్రను నడిపేవి రెండు. ఒకటి ఆకలి లాంటిది, రెండోది గడియారం. 1982లో అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త ఈ రెండింటినీ కలిపి చెప్పిన లెక్క మీదే ఇప్పటికీ నిద్ర వైద్యం నడుస్తోంది. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ వస్తుంది. అది ఎంత పేరుకుంటే కళ్లు అంతగా మూతలు పడతాయి. పడుకున్నాక కరిగిపోతుంది. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయి రాత్రి తొమ్మిదింటికి పక్క ఎక్కడమంటే, సాయంత్రం కడుపు నిండా పకోడీలు తిని రాత్రి అన్నం సయించడం లేదని బాధపడటం లాంటిదే. కాఫీ చేసే పని ఇంకొకటి. అడినోసిన్ వచ్చి కూర్చోవలసిన పీట మీద కెఫీన్ ముందే కూర్చుంటుంది. నిద్ర ఆకలి ఉంటుంది కానీ మెదడుకు తెలియదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటి కాఫీలో సగం రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉందన్నమాట.

ఇక గడియారం. రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, మెదడు లోపల సుమారు 20 వేల కణాల చిన్న గుంపు ఉంది. రోజూ పొద్దుటి వెలుగును చూసి అది తన టైము సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక అక్కణ్నుంచి కబురు వెళ్తే పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ దీన్ని మొదట వేరు చేశారు. ఆయన చర్మ వైద్యుడు, చర్మపు రంగును మార్చే పదార్థం కోసం పశువుల పీనియల్ గ్రంథులను వెతుకుతుంటే ఇది దొరికింది.

ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటుంది. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు. రాత్రయిందని ఒళ్లంతా చాటింపు వేసే దండోరా మాత్రమే. దండోరా విన్నాక పడుకోవడానికి నిద్ర ఆకలి ఉండాలి కదా. మా అత్తయ్యకు రాత్రయిందని తెలియక కాదు నిద్ర పట్టనిది. అందుకే ఆ మాత్ర ఆమెకు పెద్దగా పని చేయలేదు. 2013లో 19 అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్క కట్టినప్పుడు, మెలటోనిన్ వేసుకున్నవాళ్లకు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే నిద్ర సగటున 7 నిమిషాలు ముందు పట్టిందని, మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగిందని తేలింది. అబద్ధం కాదు, అలాగని పెద్ద సాయమూ కాదు.

మోతాదు సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం 2001లో యాభై దాటినవాళ్లకు రకరకాల మోతాదులు ఇచ్చి చూస్తే, అన్నిటికన్నా బాగా పనిచేసింది 0.3 మిల్లీగ్రాములు. 3 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ల రక్తంలో తెల్లారాక కూడా మెలటోనిన్ మిగిలే ఉంది. అత్తయ్య వేసుకుంటున్నది 10. ఆ 0.3కు ముప్పై రెట్లు పైనే. ఆమె తల దిమ్ముకు కారణం వెతుక్కోనక్కర్లేదు. పైగా సీసా మీద రాసినంత లోపల ఉంటుందన్న నమ్మకమూ లేదు. అమెరికాలో దీన్ని మందుగా కాక ఆహార సప్లిమెంటుగా అమ్ముతారు కాబట్టి మందుకుండే తనిఖీ దీనికి లేదు. 2023లో అక్కడ 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లోపలున్నది చీటీ మీద రాసినదానికి సరిపోలేదు. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు.

మరి ఎవరికీ పనికిరాదా? వస్తుంది. గడియారం తప్పినవాళ్లకు వస్తుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగొచ్చిన తల్లిదండ్రులు మొదటి వారమంతా పట్టపగలు తూలుతూ అర్ధరాత్రి కళ్లు విప్పుకుని కూర్చుంటారు. అయిదు అంతకన్నా ఎక్కువ టైమ్ జోన్లు దాటే ప్రయాణాలకు మెలటోనిన్ మేలు చేస్తుందని గట్టి ఆధారాలున్నాయి. దిగిన ఊళ్లో పడుకునే వేళకు చిన్న మోతాదు, అదీ కొద్ది రోజులు. అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మెలటోనిన్, వలేరియన్, ట్రిప్టోఫాన్ వాడవద్దనే అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2017లో సూచించింది.

ట్రిప్టోఫాన్ అనగానే మన పాల గ్లాసు గుర్తొస్తుంది. గ్లాసు పాలలో ఉండేది సుమారు 100 మిల్లీగ్రాములు, చాలా ప్రయోగాల్లో వాడింది గ్రాము, అంతకు పైన. పాలు తాగడం ఒక అలవాటుగా మనసును నెమ్మది పరుస్తుందేమో గానీ అందులోని ట్రిప్టోఫాన్ నిద్ర తేదు. దాన్నే మాత్రలుగా అమ్మిన రోజుల్లో, 1989లో, అమెరికాలో 1,500 మందికి పైగా కండరాలు పీక్కుపోయే వింత జబ్బు చేసింది. ముప్పై మందికి పైగా చనిపోయారు. తయారీలో కలిసిన కల్మషమే కారణమని అప్పటి దర్యాప్తులు తేల్చాయి. "సహజమైనదే కదా, ఏం చేస్తుందిలే" అనుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మన పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, కొన్ని చిన్న అధ్యయనాల్లో నిద్రను కొంచెం మెరుగుపరిచింది. కానీ థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, గర్భిణులు, కాలేయం బాగాలేనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెగ్నీషియానికి ఆధారాలు బలహీనం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం.

ఒక్క చోట మాత్రం మాత్రే అసలు వైద్యం. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉండి, కదిపితేనో లేచి తిరిగితేనో తగ్గే బాధ కొందరికి ఉంటుంది. చాలాసార్లు దాని వెనక ఇనుము లోపం ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రాత్రంతా కాళ్లు పిసికించుకునే మన ఇళ్ల ఆడవాళ్లలో ఎందరికి ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తున్నాం? ఒక్క రక్త పరీక్ష అది. లోపం తేలితే డాక్టరు ఇనుము మాత్రలు రాస్తారు, కాళ్లతో పాటు నిద్రా కుదుటపడుతుంది.

నిద్ర కోసం మందుల షాపులో అడిగి కొనుక్కునే అల్ప్రాజోలం మాత్ర గురించి చెప్పకుండా ఉండలేను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కొన్ని వారాలు వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. దాని పట్టు ఎలాంటిదో తెలంగాణ చూసింది. కల్తీ కల్లులో కలిపేవాటిలో అల్ప్రాజోలం ఒకటి. 2015లో నిజామాబాద్ వైపు ఆ కల్లు సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి జనం ఆసుపత్రులకు వచ్చారు. కాబట్టి ఏళ్ల తరబడి ఈ మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి ఇవాళే ఆపేయకూడదు. డాక్టరు చెప్పినట్టు వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

ఇక మళ్లీ అత్తయ్య దగ్గరికి. డాక్టరు చేయించిన పరీక్షల్లో థైరాయిడ్, షుగర్, ఫెరిటిన్ అన్నీ బాగానే ఉన్నాయి. గురక లేదు. డాక్టరు మాత్ర రాయలేదు, నోటు పుస్తకం పెట్టమన్నారు. పక్క ఎక్కింది ఎప్పుడు, సుమారుగా నిద్ర పట్టింది ఎప్పుడు, మధ్యలో ఎంతసేపు మెలకువ, పక్క దిగింది ఎప్పుడు, పగలు కునుకు తీసిందా. రెండు వారాలు రాసింది, పాల లెక్క రాసే పుస్తకంలోనే, వెనక పేజీల నుంచి. ఒక రాత్రి ఇలా ఉంది: "9 పడక. 11.30 పట్టినట్టుంది. 2కి మెలకువ, 3.30 దాకా దొర్లాను. 6కి లేచాను. నిన్న మధ్యాహ్నం గంట." అటూ ఇటూగా అన్నీ అలాగే. పక్క మీద తొమ్మిది గంటలు, నిద్ర సగటున అయిదున్నర. అంటే నూటికి 61 పాళ్లు. 85 దాటితే ఆరోగ్యమైన నిద్ర కింద లెక్క.

న్యూయార్క్‌కు చెందిన నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో చెప్పిన మాటలు ఈ పుస్తకానికి అతికినట్టు సరిపోతాయి. నిద్రలేమిని మొదలుపెట్టేది ఒకటి, కొనసాగించేది వేరొకటి. అత్తయ్యకు మొదలుపెట్టింది మామయ్య పోవడం. ఆ దుఃఖం కాలంతో కాస్త సర్దుకున్నా, దాన్ని తట్టుకోవడానికి చేసుకున్న అలవాట్లు మిగిలిపోయాయి. రాత్రి సరిగా పట్టలేదు కాబట్టి మర్నాడు పెందలాడే పడుకోవడం, మధ్యాహ్నం కునుకు, తెల్లారాక కూడా ఇంకాస్త పడితే బాగుండని పక్క మీదే ఉండటం. నిద్రను వెతుక్కుంటూ పక్క మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అది అంత పలచబడుతుంది. కొద్దిపాటి పిండితో ఎంత వెడల్పు దోసె పోస్తే అన్ని చిల్లులు.

స్పీల్‌మన్ కనిపెట్టిన వైద్యం ఆ దోసెను చిన్నది చేయడమే. నిజంగా నిద్రపోతున్నది అయిదున్నర గంటలైతే పక్క మీద ఉండేదీ అంతే. పొద్దున లేచే వేళ రోజూ ఒకటే ఉండాలి, కాబట్టి పడుకునే వేళ వెనక్కి జరగాలి. అత్తయ్యకు రాత్రి పన్నెండు నుంచి పొద్దున అయిదున్నర. విన్న వెంటనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నిద్ర పట్టడం లేదురా అంటే నిద్రే పోవద్దంటున్నారేంట్రా?" అంది. మొదటి వారం నరకమే. పది దాటాక కూర్చున్నచోటే తల వాలిపోతుంటే వీధి వరండాలో అటూ ఇటూ నడిచింది. నేను రోజూ పదకొండింటికి ఫోన్ చేసేవాణ్ని, మేలుకోబెట్టడానికి. మధ్యాహ్నం కునుకు బంద్. దానికి తోడు 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త పెట్టిన నియమం ఒకటి పాటించింది. పక్క నిద్రకే. సుమారు ఇరవై నిమిషాలైనా కన్ను అంటుకోకపోతే లేచి ముందుగదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ పక్క ఎక్కాలి. గోడ గడియారం పడకగదిలోంచి తీసేశాం. రెండేళ్లుగా ఆ మంచం ఆమెకు దొర్లే చోటైపోయింది, దాన్ని మళ్లీ నిద్రపోయే చోటుగా మార్చడమే ఈ పనంతా.

మూడో వారం పుస్తకంలో సగటు నిద్ర అయిదు గంటలు. నిద్ర పెరగలేదు కదా అనిపిస్తుంది. కానీ అయిదున్నరలో అయిదు అంటే నూటికి 91 పాళ్లు. ముక్కలు ముక్కలుగా ఉన్నది ఒక్క ముక్కయింది. అప్పుడు పావుగంట ముందు పడుకోనిచ్చారు డాక్టరు. 85 పాళ్లకు పైన నిలిస్తే వారం గడిచాక ఇంకో పావుగంట. అలా పెంచుకుంటూ రెండున్నర నెలలకు పదిన్నర నుంచి అయిదున్నర దాకా వచ్చింది. మనసులోని భయాలను సర్దే మాటలు కూడా కలిపితే ఈ పద్ధతిని సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది ఇదే, మాత్రలు ఆ తరవాతేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో తేల్చి చెప్పింది. మన దగ్గర దీన్ని నేర్పే మనస్తత్వ నిపుణులు చాలా తక్కువ. చీటీ మీద మాత్ర రాయడానికి రెండు నిమిషాలు చాలు, ఇది నేర్పడానికి ఆరేడు సార్లు కూర్చోవాలి. ఆ సమయం ఇవ్వగల డాక్టరు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉండకూడదు.

ఇది అందరూ సొంతంగా చేసేది కాదు. మూర్ఛ జబ్బున్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు, లారీలు, బస్సులు నడిపేవాళ్లు, ఎత్తుల మీద పని చేసేవాళ్లు డాక్టరు చూపు లేకుండా పడక తగ్గించుకోకూడదు. ఎవరైనా సరే అయిదు గంటలకంటే తగ్గించకూడదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లది అసలు వేరే జబ్బు. వాళ్లకు నిద్ర పరీక్ష కావాలి, నిద్రమాత్రలు వాళ్లకు ప్రమాదం కూడా. బతుకు మీద ఆశ పోయి నిద్ర దూరమైనవాళ్లు 14416కు, టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి, ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టరు చెప్పినవాటికి చిన్న అలవాట్లు రెండు అత్తయ్య తనంతట తానే కలుపుకుంది. లేవగానే డాబా మీద తులసి కుండీ దగ్గర అరగంట. మబ్బు పట్టిన రోజైనా బయటి వెలుగు ఇంట్లో లైటుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, గడియారానికి అది చాలు. పడుకునే గంటన్నర ముందు వేడినీళ్ల స్నానం. వేడికి చేతులూ కాళ్లూ రక్తంతో నిండి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. లోపల చల్లబడితేనే నిద్ర దిగుతుంది.

మొన్న ఉగాదికి కొడుకూ కోడలూ మనవలూ వచ్చారు. పది రోజులు ఇల్లంతా సందడి, అర్ధరాత్రి దాకా కబుర్లు, మధ్యాహ్నం అందరితో పాటు కునుకు. వాళ్లు వెళ్లాక మూడు రాత్రులు మళ్లీ రెండింటికి మెలకువ వచ్చిందట. కంగారుపడి ఫోన్ చేస్తుందేమో అనుకున్నాను. నాలుగో రోజు చేసింది. "పుస్తకం తీశానురా. పదకొండుంపావు నుంచి మొదలుపెట్టా" అంది.