గమకమును, గిటారును — శక్తి వాద్యబృందమును గూర్చి

కడచిన క్రిస్మసు పండుగకు ముందు మా పై తరగతుల బాలురు కొందఱు వచ్చి, ఆరాధనలో కీర్తనలకు గిటారు వాయించుటకు సెలవిమ్మని యడిగిరి. అది సినిమా వాద్యమనియు, దానివలన కీర్తనల రాగములు చెడుననియు సంఘపు పెద్దలలో కొందఱభ్యంతరము చెప్పిరి. మేము వెంటనే యే యుత్తరమును చెప్పలేదు. ఈ బాలురు చేతిఫోనులలో బ్రిటను దేశపు యువకుల వాద్యబృందములను వినుచుందురు. ఆ యువకులు పెద్ద కంపెనీల యాజ్ఞకు లోబడక తమ పాటలు తామే కట్టుకొనుచు, అమెరికా నల్లజాతివారి బ్లూసును, జమైకా ద్వీపపు రెగ్గేను, ఒక్కొకయెడ మన సితారును గూడ తమకు నచ్చినట్లు కలుపుకొందురు. ఇట్టి కలయిక రాగమును చెఱచునా, చెఱచదా యని యాలోచించుచుండగా, ఒక ఆంగ్లేయుడు స్థాపించిన బృందమును, దానిలో చేరిన మన తెలుగువాడును జ్ఞప్తికి వచ్చిరి.

ఆ యాంగ్లేయుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో యార్కుషైరు మండలమందలి డాన్‌కాస్టరులో జన్మించెను. 1969లో అమెరికాకు బోయి, విద్యుత్ గిటారు వాయించుటలో మిక్కిలి పేరు గాంచెను. అంతటితో తృప్తిపడక, అచ్చటి వెస్లియన్ విశ్వవిద్యాలయములో డాక్టర్ ఎస్. రామనాథన్ గారియొద్ద వీణ నేర్చుకొనెను. పిదప వయొలినుపై ఎల్. శంకర్, తబలాపై జాకిర్ హుస్సేన్, ఘటముపై టి. హెచ్. వినాయకరాం గార్లతో గూడి "శక్తి" యను బృందమును స్థాపించెను. దాని మొదటి రికార్డు 1976లో వెలువడెను. కొలది సంవత్సరములకే యా బృందము విడిపోయెను.

ఇచ్చట నొక చిక్కును వివరింపవలసియున్నది. మన సంగీతములో స్వరము నిలుకడగా నుండదు. ఊగును, జాఱును, ప్రక్క స్వరమును తాకి వచ్చును. దీనినే గమకమందురు. వీణయందు మెట్ల నడుమ తీగెక్రింద చోటుండుటచేత, తీగెను ప్రక్కకు లాగి యొకే మెట్టుపై రెండు మూడు స్వరములు పలికింపవచ్చును. గిటారునందో, మెట్ల నడుమ చెక్క సమతలముగా నుండును. కావున మెక్‌లాఫ్లిన్ తనకొక క్రొత్త గిటారు చేయించుకొనెను. దానిలో మెట్లమధ్య చెక్కను గుంటలుగా తొలిపించి, ప్రధానమైన తీగెల క్రింద ఏటవాలుగా మఱి యేడు తీగెలు కట్టించెను. గమకము కొఱకు చెక్కనే తొలిపించిన యీ పట్టుదల మాకు నచ్చినది.

అదే చిక్కును మఱియొక వైపునుండి విప్పినవాడు పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్. అతడు 1969 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించెను. ఆఱేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చేతబట్టెను. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. జతకు రెండు చొప్పున నాలుగు జతల తీగెలు. మీటిన నాదము వెంటనే యణగిపోవును. జంటతీగెలను లాగి గమకము పలికించుట కష్టము. బాలునకు విద్య గఱపిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుట రాదు! ఆయన చెంబై వైద్యనాథ భాగవతారు గారి శిష్యులు. గురువుగారు పాడుదురు; శిష్యుడు విన్నదానిని తీగెలపై వెదకికొనును. గురువుగారికి వాద్యము రాకపోవుటయే యొక విధముగా మేలైనదని మా యభిప్రాయము. ఏలయన, బాలుడు వ్రేళ్ల వాడుకను గాక కంఠమును అనుకరించెను. జంటతీగెలకు మాఱుగా ఒంటితీగెలు గల విద్యుత్ మాండలిన్‌ను గ్రహించి, నాదము నిలుచునట్లు చేసికొనెను.

తొమ్మిదవ యేట, 1978లో, గుడివాడ త్యాగరాజోత్సవములో మొదటి కచేరి చేసెను. పాశ్చాత్య వాద్యమున త్యాగరాజ కృతులేమని పెదవి విఱిచినవారు లేకపోలేదు. 1983లో, పదునాలుగేండ్ల బాలుడై బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవములో వాయించెను. 1995లో మైకేల్ బ్రూక్‌తో గూడి చేసిన "డ్రీమ్" అను సంగీతమును ఇంగ్లండులోని రియల్ వరల్డ్ కంపెనీవారు ప్రకటించిరి. 1997లో మెక్‌లాఫ్లిన్ తన బృందమును "రిమెంబర్ శక్తి" యను పేర మరల లేపెను. పిమ్మట శ్రీనివాస్ దానిలో చేరెను. తొలిపిన గిటారును, ఒంటితీగెల మాండలిన్‌ను ఒకే వేదికపై ప్రశ్నోత్తరములవలె పలుకుట వినినవారికి, ఎవరిది ఏ దేశమను తలంపే రాదు. 1998లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్లకే, చెన్నపట్టణమున పరమపదించెను.

అభ్యంతరము చెప్పిన పెద్దలకు మేము రెండు సంగతులు మనవి చేసితిమి. నేడు కర్ణాటక కచేరికి విడరాని వయొలిన్ సైతము ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవఱచిరి. మన దేవాలయములలోని హార్మోనియమును ఆకాశవాణివారు 1940లో నిషేధించి, 1971వఱకు సడలింపరైరి. దానికి గమకము పలుకదనుటయే వారి ఫిర్యాదు. అది నిజమే. అయినను మనము దానిని విడువలేదు.

బాలురకు చెప్పినది వేఱు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పెక్కు కీర్తనలపైని రాగమును, తాళమును ముద్రించియున్నవి. మొదట దానిని వాద్యము లేకుండ పాడి నేర్వుడు. పాడినదానిని తీగెపై వెదకుడు. అటుపిమ్మట ఆరాధనకు రండని చెప్పితిమి. ఆ పండుగకు వారు రాలేకపోయిరి. ఈ సంవత్సరము రెండు కీర్తనలు సిద్ధమైనవి. మూడవది ఆనందభైరవి. ప్రతి శనివారము సాయంకాలము దానిని వాయించుచున్నారు గాని, రెండవ చరణములోని జాఱు ఇంకను గిటారునకు లొంగలేదు. వారిలో నొకడు చెక్కను తొలువవచ్చునా యని మమ్మడిగినాడు. గిటారు వాని మేనమామది.