ఒక విశ్వవిద్యాలయము - పది ఊళ్లు

బంధువులలో ఒకరి కుమారుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుచున్నాడని విందుము. అతడుండునది డేవిస్ పట్టణమట. వేరొకరి కుమార్తెయు ఆ విశ్వవిద్యాలయముననే చదువుచున్నదందురు. ఆమె యుండునది లాస్ ఏంజిలిస్. ఆ రెండు ఊళ్లకు నడుమ సుమారు 600 కిలోమీటర్ల దూరము కలదు. ఒకే విశ్వవిద్యాలయము ఇన్ని చోట్ల ఎట్లుండును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా యీ ప్రసంగోద్దేశము.

1862లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ప్రతి రాష్ట్రమునకును కొంత భూమి నొసగిరి. ఆ భూమి నమ్మగా వచ్చిన ధనముతో వ్యవసాయమును, యంత్రవిద్యలను బోధించు కళాశాలలను నెలకొల్పవలెను. ఆ భూములు అంతకుముందు ఆదిమజాతులవారివి. ఈ సత్యమును మరువరాదు. ఆ చట్టము ననుసరించియే 1868 మార్చి 23వ తేదీన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పుట్టినది. తొలుత ఓక్లాండు నగరమున తరగతులు నడిపి, 1873లో బర్కిలీకి తరలించిరి. 1870లోనే స్త్రీలకు పురుషులతో సమానముగ ప్రవేశము కల్పించుట గమనింపదగినది. ఇట్టి భూదాన కళాశాలల పద్ధతియే తరువాత మన దేశమున వ్యవసాయ విశ్వవిద్యాలయములకు ఒరవడి యైనది. 1964లో హైదరాబాదున వెలసిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము అట్టి వానిలో నొకటి.

ఇక శాఖల సంగతి. ఇవి ఒకేమారు పథకము వేసి కట్టినవి కావు. ఆయా ప్రాంతముల అక్కరలే వీనికి విత్తనములు. డేవిస్ మొదట విశ్వవిద్యాలయపు వ్యవసాయక్షేత్రము. రివర్‌సైడ్‌లో 1907లో నారింజ, నిమ్మ జాతుల తోటలకై ఒక పరిశోధనాలయము నెలకొల్పిరి. శాన్‌డియాగో శాఖకు మూలము స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ. శాన్‌ఫ్రాన్సిస్కోది వైద్య విద్యాలయము. లాస్ ఏంజిలిస్ శాఖ 1919లో ఏర్పడినది. శాంటా బార్బరా, శాంటా క్రూజ్, అర్వైన్ తరువాత వచ్చినవి. 2005లో తెరచిన మెర్సెడ్ అన్నిటికంటె క్రొత్తది. బర్కిలీతో కలిసి మొత్తము పది. విద్యార్థుల సంఖ్య దాదాపు మూడు లక్షలు.

పాలకమండలి యొకటే, అధ్యక్షుడును ఒకడే. కాని ప్రతి శాఖకును ఒక ఛాన్సలరు కలడు. పట్టభద్రులు కాగోరు విద్యార్థులు తొమ్మిది శాఖలకును ఒకే దరఖాస్తు పంపవచ్చును. చేర్చుకొనుటయో మానుటయో ఏ శాఖకా శాఖయే నిర్ణయించుకొనును. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అనునది వేరొక సంస్థ. పేరును జూచి రెండును ఒకటే యని భ్రమపడరాదు.

పరిశోధన ఈ విశ్వవిద్యాలయమునకు ప్రాణము. బర్కిలీలో సైక్లోట్రానును నిర్మించిన ఎర్నెస్ట్ లారెన్సుకు 1939లో నోబెల్ బహుమతి లభించినది. అక్కడ కనుగొన్న రెండు మూలకములకు బర్కీలియము, కాలిఫోర్నియము అని ఊరి పేరును, రాష్ట్రము పేరును పెట్టిరి. మన భాషకును అక్కడ ఋణము కలదు. బర్కిలీ ఆచార్యుడు ఎమెనో 1955లో కొలామీ భాషపై గ్రంథము వెలువరించెను. ఆ భాషను మాటలాడువారు మన ఆదిలాబాదు ప్రాంతమునను ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పరిశోధన గ్రంథమును 1961లో ఆ విశ్వవిద్యాలయ ముద్రణాలయమే ప్రకటించినది.

ప్రజల ధనముతో నడచు విద్యాసంస్థ రెండు పరీక్షలకు నిలువవలెను. మొదటిది స్వేచ్ఛ. 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగమే ఈ విశ్వవిద్యాలయమును రాజకీయముల జోక్యమునుండి దూరముగ నుంచినది. అయినను 1949లో పాలకమండలియే ఆచార్యులను కమ్యూనిస్టులము కామని ప్రమాణము చేయుమన్నది. అందుకు అంగీకరింపని 31 మందిని 1950లో తొలగించిరి. 1952లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ చర్య చెల్లదనెను.

రెండవది ప్రవేశద్వారము. 1960 నాటి ప్రణాళిక ఉన్నత పాఠశాల ముగించినవారిలో మొదటి ఎనిమిదవవంతును ఈ విశ్వవిద్యాలయమునకును, మొదటి మూడవవంతును స్టేట్ కళాశాలలకును అర్హులనుగ చేసినది. తక్కినవారికి రెండేండ్ల కళాశాలలు. అందు బాగుగ చదివినవారు పై సంస్థలకు మారవచ్చును. రాష్ట్రవాసుల నుండి బోధనరుసుము తీసికొనరాదనియు నాడు తలంచిరి. కాని రాష్ట్రము ఇచ్చు ధనము చాలక, 1970 తరువాత రుసుములు పెరుగుచు వచ్చినవి. నేడు రాష్ట్రవాసులే ఏటా పదివేల డాలర్లకు పైగా చెల్లింపవలెను. అల్పాదాయ కుటుంబములవారికి మాత్రము సహాయధనము కలదు. ఇతర దేశములనుండి పోవు మన పిల్లలు చెల్లించునది అంతకంటె ఎంతయో హెచ్చు.

కావున ఏ ఊరి శాఖ గొప్పది యని విచారించుటకు ముందు, మనకు కావలసిన శాస్త్రము ఎచ్చట చక్కగ బోధింతురో, వ్యయమెంత యగునో తెలిసికొనుట మంచిది. విశ్వవిద్యాలయమును నిర్మించుటకు భూమియు ధనమును చాలును. దాని తలుపులను తెరచి యుంచుటకు మాత్రము ప్రతి తరమును మరల పూనుకొనవలెను. ఇది కాలిఫోర్నియాకే కాదు, మనకును వర్తించునని మా నమ్మకము.