ఫోను పలకని రాత్రి: సిటిజన్స్ బ్యాండ్ రేడియో గురించి కొన్ని వివరాలు

ఈసారి జబ్బు గురించి కాకుండా ఒక యంత్రం గురించి వ్రాస్తున్నాము. నర్సులకు రేడియోతో పనేమిటని అనుకోవచ్చు. రోగి గేటు దాటి లోపలికి రాకముందే అతని సంగతి తెలిస్తే మాకు ఎంతో మేలు. విషానికి విరుగుడు సూది బయటపెట్టాలా, అట్రోపిన్ సిద్ధం చేయాలా, ఆక్సిజన్ సిలిండరు మార్చాలా అన్నవి ఆ నాలుగు మాటల మీదే ఆధారపడి ఉంటాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అవి ప్రత్తి తీతల రోజులు, మిరప తోటలు చేలో నిలబడి ఉన్న రోజులు. ఇటువంటి గాలివానలో ముందు కరెంటు పోతుంది, ఆ తరువాత సెల్ టవర్ల బ్యాటరీలు కూడా దిగిపోతాయి. నల్లమడ వాగు పొంగితే దారులు కూడా ఉండవు. మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలయింది, ఎందరికో ప్రాణం పోసింది. కాని 108కి ఫోను చేయడానికి సిగ్నల్ ఉండాలి గదా! అందుకే ఆసుపత్రికి రేడియో సెట్లు కొందామా అన్న మాట వచ్చినప్పుడు మేము దాని వివరాలు తెలుసుకున్నాము.

సిటిజన్స్ బ్యాండ్ అంటే సామాన్య పౌరులు వాడుకోవడానికి విడిచిపెట్టిన రేడియో తరంగాల భాగం. అమెరికాలో ఇప్పటి 27 మెగాహెర్ట్జ్ పద్ధతి 1958లో వచ్చింది. మొదట 23 చానళ్ళు, 1977 నుండి 40. అక్కడ తొమ్మిదవ చానల్ ఆపదలో ఉన్నవారికి కేటాయించారు. మన దేశంలో 2005లో వచ్చిన నిబంధనల ప్రకారం 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని సెట్లను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. లెక్క వేసి చూస్తే అమెరికా 40 చానళ్ళలో 1 నుండి 27 వరకే ఈ హద్దులో పడతాయి. 28 నుండి పైవి మనవి కావు. సెట్టు మీద 40 అంకెలు కనిపించినంత మాత్రాన అన్నీ నొక్కరాదు. ఇంకొకరికి అంతరాయం కలిగించకూడదు, మనకు అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కు కూడా లేదు.

ఇది ఫోనులాంటిది కాదు. మీట నొక్కితే మాట్లాడవచ్చు, వదిలితే వినవచ్చు, రెండూ ఒకేసారి కుదరవు. స్క్వెల్చ్ అనే బుడిపె ఉంటుంది, ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుసబుస శబ్దాన్ని అది ఆపుతుంది. దాన్ని మరీ ఎక్కువ త్రిప్పితే దూరం నుండి వచ్చే బలహీనమైన గొంతు కూడా వినబడదు. రాత్రి డ్యూటీలో చెవికి హాయిగా ఉంటుందని అలా త్రిప్పి కూర్చోవడం మంచిది కాదు. బండిలో పెట్టే సెట్టు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, అవసరమైతే ట్రాక్టరు బ్యాటరీ చాలు. ఈ ఒక్క గుణమే మాకు బాగా నచ్చింది.

ఇక దూరం సంగతి. ఈ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. దానికి తగిన ఏరియల్, పావు వంతు లెక్కన చూసినా, రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు ఉండాలి. చేతి సెట్టుకు ఉండేది జానెడు రబ్బరు పుల్ల. కాబట్టి అట్టపెట్టె మీద అచ్చువేసిన కిలోమీటర్లను నమ్మవద్దు. చేతి సెట్టుతో ఊరి చివరి కల్లం నుండి ఆసుపత్రికి ఒకటి రెండు కిలోమీటర్లు మాట వస్తే సంతోషించాలి. గుంటూరు పెద్దాసుపత్రితో మాట్లాడదామంటే ఈ సెట్టు వల్ల కాదు. విచిత్రం ఏమంటే, సూర్యునిలో మచ్చలు ఎక్కువైన సంవత్సరాలలో పగటిపూట ఏదో దూరదేశపు గొంతు వినిపిస్తుంది, ప్రక్క ఊరు మాత్రం పలకదు!

దూరం కావాలంటే హామ్ రేడియో ఉంది. దానికి పరీక్ష వ్రాయాలి, లైసెన్సు తీసుకోవాలి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరపున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్ళింది. 26న సునామీ వచ్చి ఫోన్లు ఆగిపోయినప్పుడు పోర్టుబ్లెయిర్ నుండి క్షేమ సమాచారాలు వారి సెట్ల మీదనే బయటికి వచ్చాయి.

కొనేవారికి ఒక మాట. ఆన్‌లైనులో చవకగా దొరికే వాకీటాకీలు చాలావరకు ఈ బ్యాండువి కావు. లైసెన్సు లేకుండా వాడకూడని, పోలీసులు మొదలైనవారికి కేటాయించిన తరంగాల మీద అవి పనిచేస్తాయి. ఇటువంటి అమ్మకాలను అదుపు చేయడానికి 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. లైసెన్సు అక్కరలేని ఇంకొక భాగం 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్, అది 2018 నుండి ఉంది. ఫ్రీక్వెన్సీ ఎంతో, ప్రభుత్వ టైప్ అప్రూవల్ ఉందో లేదో చూపించమని అడిగి కొనండి.

వార్డులో మాత్రం మా నియమం కఠినం. ఐదు వాట్ల సెట్టు ప్రక్కనే మీట నొక్కితే సిరంజి పంపు, ఇ.సి.జి. మానిటరు తికమక పడే అవకాశం ఉంది. ఆ పరికరాలతో వచ్చే పుస్తకాలలో ఎంత దూరం ఉండాలో పట్టిక ఉంటుంది. ఆ లెక్క ప్రకారం 5 వాట్లకు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు వస్తుంది. మేము మూడు మీటర్లు అని పెట్టుకున్నాము. ఐ.సి.యు. గడప లోపల మీట నొక్కకూడదు. ఆక్సిజన్ దగ్గర బ్యాటరీ మార్చకూడదు.

ఇంకొకటి, ఈ చానల్‌లో చాటు అనేది లేదు. అదే చానల్ పెట్టుకున్న ఎవరైనా వింటారు. పురుగుమందు త్రాగిన అమ్మాయి పేరు, ఇంటిపేరు, వీధి గాలిలోకి వెళితే ఆ కుటుంబం రేపు ఊళ్ళో తల ఎత్తుకోవడం కష్టం. కాబట్టి పేరు చెప్పరాదు. ఆడా మగా, వయస్సు, ఎన్ని గంటలకు జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఎంతసేపటిలో చేరుతారు. ఇవి చాలు. పాముకాటైతే కనురెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ళ నుండి రక్తం వస్తున్నదా చెప్పాలి. కట్లపాము కాటుకు గాటు కనబడకపోవచ్చు, తెల్లవారుజామున కడుపునొప్పి అని మాత్రమే అనవచ్చు. మందు విషమైతే డబ్బా మీది పేరును ఒక్కొక్క అక్షరంగా చదవాలి, డబ్బాను వెంట తేవాలి. విన్న సిస్టర్ అదంతా తిరిగి చదివి వినిపించాలి, రిజిస్టరులో టైముతో సహా వ్రాయాలి.

మా అభిప్రాయం అడిగితే, ముందు ఫోను, 108. అవి పలకనప్పుడు, గేటుకూ క్యాజువాలిటీకీ, ఆసుపత్రికీ దగ్గరి కల్లాలకూ మధ్య ఈ సెట్లు అక్కరకు వస్తాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున కరెంటు ఉండగానే సెట్లన్నీ చార్జింగు పెట్టి, ప్రతి షిఫ్టు మారేటప్పుడు ఒకసారి మాట్లాడి చూసుకోవాలి. అర్ధరాత్రి పలికే గొంతు ఎవరిదైనా, వెంటనే బదులు చెప్పే సిస్టర్ ఒకరు సెట్టు దగ్గర ఉండేలా డ్యూటీలు వేయాలి.