కొండపల్లి అడవికి కావలి ఎవరు?



జగ్గయ్యపేట, నందిగామ వైపు నుండి విజయవాడ వెళ్ళునప్పుడు, ఇబ్రహీంపట్నం దగ్గర పడగానే ఎడమవైపున కొండల వరుస కనబడుతుంది. కొండపల్లి రిజర్వు ఫారెస్టు ఆ కొండలమీదనే ఉన్నది. మన మెట్ట ప్రాంతమునకు చేరువలో ఇంకా మిగిలియున్న పాత అడవి అది. చిరుతలు, నక్కలు, అడవిపందులు, లెక్కలేనన్ని పక్షులు దానిని నమ్ముకొని బ్రతుకుచున్నవి.

ఆ అడవిని నమ్ముకొన్న మనుష్యులును ఉన్నారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు – ఈ కొండపల్లి బొమ్మలు చూడని పిల్లలు మన వైపు అరుదు. వాటిని చేసేది తెల్ల పొణికి కఱ్ఱతో. అది తేలిక, మెత్తన, ఉలికి చక్కగా లొంగుతుంది. విడివిడిగా చెక్కిన ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. ఇప్పుడు ఆ పొణికి దొరకడమే కష్టమైనది. మొక్క నాటవచ్చును గాని, అది బొమ్మకు పనికివచ్చే మాను కావాలంటే ఏండ్లు పట్టును. చెట్టు పోతే పని పోతుంది, పని పోతే పిల్లలు ఆ విద్య నేర్వరు.

గొడ్డలికంటె పెద్ద ప్రమాదము మరొకటి వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో ఈ కొండలలో గ్రావెలు తవ్వకముల సంగతి పత్రికలకెక్కి, జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళినది. నరికిన చెట్టు మోడునుండి మరల చిగురించవచ్చును. తవ్వి తీసికొనిపోయిన కొండ చిగురించదు. వేరులు పట్టియుంచిన మట్టి వాననీటిని నిదానముగా లోపలికి దింపుతుంది. చెట్టులేని కొండమీద పడిన వాన ఒక్కపెట్టున పల్లమునకు దూకును. మైలవరము కొండలలో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన సంగతి మనమెరుగుదుము. కట్ట గండ్లు, ఆక్రమణలు ఆ వరదకు కారణములు. అయినను ఆ వాగుకు ఎగువనున్న కొండలు బోడులైతే దిగువవారికి మేలు జరుగునా?

లెబానోను దేవదారులను తలంచండి. సొలొమోను మందిరమునకు మ్రానులు అక్కడనుండియే వచ్చెను. తరువాత ఎందరో రాజులు నరికించిరి. రెండవ శతాబ్దములో రోమా చక్రవర్తి హేడ్రియను అడవి హద్దులను బండలమీద చెక్కించవలసి వచ్చెను. నేడు అక్కడ మిగిలినవి చిన్న తోపులే. వాటిలో ఒకదానిని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిరి. ముట్టడి వేసిన పట్టణము చుట్టునున్న ఫలవృక్షములను సహితము నరుకరాదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. యుద్ధకాలమందే అంత జాగ్రత్త అవసరమైతే, శాంతికాలమందు ఎంత అవసరము!

మనమేమి చేయగలము? వంటచెరకుకు, మేతకు కొండకు వెళ్ళువారు బీడీ, అగ్గిపుల్ల ఆర్పక పారవేయరాదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలును. అడవిపందులు మొక్కజొన్న, వేరుశనగ పాడుచేయునప్పుడు రైతు కడుపుమంట మాకు తెలియును. అయినను చేనుచుట్టు కరెంటు తీగ పెట్టుట నేరము. రాత్రివేళ నీరు కట్టబోయిన పొరుగువాని ప్రాణమును అదే తీగ తీయగలదు. పంట నష్టమునకు అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొనవలెను.

చివరిగా ఒక మాట. మందిర ఆవరణ మెరక చేయుటకో, ఇంటి పునాది నింపుటకో ట్రాక్టరు గ్రావెలు తెప్పించునప్పుడు, అది ఏ కొండదని అడుగుదము. తక్కువ ధర అని ఊరకుండవద్దు. అడిగేవారున్నారని తెలిసిన చోట దొంగ తవ్వకము కొంతైనను జంకును. క్రొత్త మొక్కలు నాటుట మంచిదే. కాని వందల ఏండ్లుగా నిలిచిన అడవిని ఏ నర్సరీయు మనకు తిరిగి ఇవ్వలేదు. ఉన్నదానిని కాచుకొనుటయే మొదటి పని.