ఫ్యూజు నుంచి ఆర్‌సీసీబీ దాకా

తీగలో ప్రవాహం రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. గోడలో దాగిన వైరు కాలిపోకూడదంటే, దానికంటే ముందే కరిగి తెగిపోయే సన్నని తీగ ఒకటి దారిలో ఉండాలి. ఫ్యూజు పుట్టింది ఈ ఆలోచనతోనే. 1890లో ఎడిసన్ ఫ్యూజు బ్లాకుకు పేటెంటు పొందారు. పింగాణీ దిమ్మల ఫ్యూజులు మన ఇళ్లలోనూ చాలాకాలం కాపలా కాశాయి. వాటికి ఒకటే ప్రమాదం, మన తొందర. తెగిన తీగ స్థానంలో రాగి పోగులు మెలేసి చుడితే ఫ్యూజు తెగదు, వైరు కాలుతుంది.

1924లో జర్మనీకి చెందిన హ్యూగో స్టాట్జ్ సంస్థ, ఫ్యూజుకు బదులు మీట దించి సరఫరా ఆపే ఎంసీబీకి (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) పేటెంటు పొందింది. అందులో రెండు ఏర్పాట్లున్నాయి. జంట లోహాల పట్టీ వేడికి మెల్లగా వంగి మీట దించుతుంది. తీగచుట్ట అయస్కాంతమై క్షణంలో దించుతుంది. కాబట్టి ఎంసీబీ ఎప్పుడు పడిందన్నదే తొలి ఆధారం. కాసేపు నడిచి పడితే ఒకే లైనుపై గీజరు, ఇస్త్రీపెట్టె లాంటివి కలిసి భారం పెరిగిందని అర్థం. వేసిన వెంటనే పడితే షార్ట్ సర్క్యూట్‌ను అనుమానించాలి. 16 ఆంపియర్లది పడుతోందని 32 ఆంపియర్లది పెట్టడం, వెనకటి రాగి పోగుల పొరపాటే.

అయితే ఎంసీబీ కాపాడేది వైరునే. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. అంత చిన్న ప్రవాహం ఎంసీబీకి పట్టదు. విద్యుదాఘాతం మీద పరిశోధించిన బర్క్‌లీ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ 1961లో ఈ ముప్పును తప్పించే పరికరం రూపొందించారు. మన ఇళ్లలోని ఆర్‌సీసీబీదీ (రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్) అదే సూత్రం. ఫేజులో వెళ్లిన ప్రవాహం న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. సాధారణంగా తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే సరఫరా ఆపేస్తుంది.

అది పడిందంటే కరెంటు ఎక్కడో లీకవుతోంది. గీజరు ఎలిమెంటు చెడి ఉండవచ్చు, ఆరుబయటి సాకెట్లో వాన తడి చేరి ఉండవచ్చు. ప్లగ్గులన్నీ తీసి మీట పైకెత్తండి. స్విచ్ ఆపితే చాలదు. అది ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్ వైపు లీకేజీ అలాగే ఉండిపోతుంది. మీట నిలిస్తే పరికరాలను ఒక్కొక్కటే పెట్టండి. దేనితో పడితే లోపం దానిదే. అన్నీ తీసినా నిలవకపోతే లోపం వైరింగులో ఉండవచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఆర్‌సీసీబీకీ హద్దులున్నాయి. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకున్న మనిషిని అది గుర్తించలేదు. భారం ఎక్కువైనా ఊరుకుంటుంది. అందుకే ఎంసీబీ, ఎర్తింగ్ రెండూ ఉండి తీరాలి. ఆర్‌సీసీబీ మీది 'టి' (టెస్ట్) బొత్తాన్ని అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడకపోతే వెంటనే మార్పించండి.

పడిన మీటను ఒకసారి ఎత్తవచ్చు. మళ్లీ పడితే మాత్రం కారణం తెలిసేదాకా ఎత్తకండి. కాలిన వాసన వచ్చినా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా మెయిన్ ఆపేయండి. కరెంటు లేని గంట ఇబ్బందే, కానీ ఆ ఇబ్బందితో ప్రాణం పోదు.