రాలిన ఆకు – గృహస్థధర్మము



శిశిర ఋతువు వచ్చినదని తెలియుటకు పంచాంగము చూడనక్కరలేదు. పెరటిలోని వేపచెట్టే చెప్పును. మాఘమాసము చివర ఆకు పసుపుబారి, ఫాల్గుణమంతయు రాలి, ఉగాదినాటికి చెట్టు చిగురుతో, పూతతో నిలుచును. ఉదయము ఊడ్చిన వాకిలి మధ్యాహ్నమునకు మరల నిండిపోవును. ఆకులు ఊడ్చుటను గురించి కూడ ఉపన్యాసమా అని మీరనుకొనవచ్చును. శాస్త్రము దీనిని చిన్నపనిగా చూడలేదు.

మనుస్మృతి మూడవ అధ్యాయమున గృహస్థునకు పంచసూనలు చెప్పబడినవి. సూన అనగా ప్రాణివధ జరుగు చోటు. పొయ్యి, నూరెడు రాయి, ఉపస్కరము, రోలు, నీటికుండ అనునవి ఆ ఐదు. ఉపస్కరమనగా చీపురు మొదలైన ఇంటి సామగ్రి అని వ్యాఖ్యాతలు చెప్పినారు. మనము తెలియకయే ఈ ఐదింటి వద్ద చీమలను, పురుగులను చంపుచుందుము. ఆ దోషము పోవుటకే బ్రహ్మ, పితృ, దేవ, భూత, మనుష్య యజ్ఞములు నిత్యము చేయవలెనని విధి. వానిలో భూతయజ్ఞమనగా ప్రాణికోటికి వాని భాగము వానికి పెట్టుట.

ఇచట ఒక్క మాట గమనింపుడు. చీపురువలన కలిగెడు దోషము గృహస్థునిదని శాస్త్రము చెప్పినది. అట్టి చీపురు కోడలి చేతిలోనే ఉండవలెనని ఎవరు చెప్పినారు? తిరుమలలో ఉగాదికి ముందు వచ్చెడి మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. ఆనాడు అర్చకులు, అధికారులు, సిబ్బంది కలిసి ఆలయమును శుద్ధి చేయుదురు. స్వామి ఇంట చెల్లినది మన ఇంట చెల్లదా?

ఇక నా తప్పు నేను చెప్పుకొనవలెను. పంచసూనలను గురించి విద్యార్థులకు ఎన్నో ఏండ్లు పాఠము చెప్పితిని. ఇంటికి వచ్చి, కోడలు ఊడ్చి పోగుపెట్టిన ఆకులకు నా చేతితోనే నిప్పు పెట్టుచుంటిని. ఒక ఫాల్గుణమున ఆ బూడిదలో కాలిన తొండపిల్ల కనబడినది. మనుమడు దానిని చూచి, "తాతయ్యా, దీనికి ఏ యజ్ఞము చేయవలె?" అని అడిగినాడు. వాడు ఎగతాళికి అడుగలేదు, నిజముగనే అడిగినాడు. నాకు సమాధానము తోచలేదు.

అగ్నికి సమర్పించినచో హోమమే కదా అని కొందరు వాదింతురు. హోమమునకు విహితమైన అగ్ని, విహితమైన సమిధ, విహితమైన మంత్రము ఉండవలెను. చెత్త కాల్చుట హోమము కాదు. సగము కాలి రగులుచుండు ఆకుల పొగ ఉబ్బసము గలవారికి, పసిబిడ్డలకు ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ధర్మాసనము చెత్తను ఆరుబయట కాల్చుటను దేశమంతటను నిషేధించి, కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినచో 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినది.

చెట్టు చేయు పనిని చూడుడు. ఆకును వదలుటకు ముందే దానిలోని సారమును చాలవరకు కొమ్మలోనికి తీసికొనును. పిమ్మట తొడిమ మొదట సన్నని పొర ఏర్పడి ఆకు ఊడిపోవును. మిగిలిన సారము నేలదే. వానపాములు, సూక్ష్మజీవులు దానిని తిని మట్టిగా మార్చును. కాల్చుటయనగా వాని అన్నమును లాగికొనుటయే. ఆకును మట్టికి చేర్చుట భూతయజ్ఞమని శాస్త్రమందు ఉన్నదని నేననను. ఆ యజ్ఞభావమునకు సమీపమైనదని మాత్రము నా అభిప్రాయము.

ఆనాటినుండి మా ఇంట పద్ధతి మారినది. ఆదివారమునాడు ఎండ ముదరకముందే అందరము పెరటికి పోవుదుము. ముందుగా కోడలు నీళ్ళు చిలుకరించును, దుమ్ము లేవదు. కుమారుడు పొడవైన కర్రతో పోగులను కదలించును. ఆకుల క్రింద తేలు ఉండవచ్చును, పాము ఉండవచ్చును, కనుక పిల్లలను అటుపిమ్మటనే రానిత్తుము. దీపము పెట్టిన తరువాత ఊడ్వరాదని పెద్దలు చెప్పిన మాటకు ఇదియు ఒక కారణమై ఉండునని నాకు తోచును. కొబ్బరి ఈనెల చీపురుతో వాకిలివైపు నేను ఊడ్చెదను. నడుము సహకరించినంతవరకే సుమా! మనుమలు గంపలు మోయుదురు.

పెరటి మూల నీడపట్టున రెండు మూరల లోతు గొయ్యి త్రవ్వించితిమి. జానెడు మందము ఆకు, దానిపై పేడనీళ్ళు, ఆపై పలుచగా మట్టి, ఇట్లు వరుసలు వేయవలెను. వేపాకు త్వరగా చివుకును. బాదము, మామిడి ఆకులు మందముగా ఉండును గనుక చేతితో చింపి వేయుట మేలు. ఎండకాలమున తడి ఆరనీయరాదు, నీరు నిలువనీయరాదు. నెలకొకసారి తిరుగవేయవలెను.

మొదటి సంవత్సరము వేసవిలో తడుపుట మరచితిమి. ఆకు ఆకుగానే ఉండిపోయినది. మరుసటి ఏడు శ్రద్ధగా తడుపగా, భాద్రపదమునాటికి గొయ్యినిండ నల్లని మట్టి, అందులో వానపాములు. మనుమడు వానిని దోసిట పట్టి మరల గోతిలోనే వదలినాడు. ఒక గంప తులసికోటకు, ఒక గంప వేపచెట్టు మొదటికి వేసి, మిగిలినది ఆలయ పూలతోటకు పంపితిమి.