టీ షర్టుల వ్యాపారం: గీత వస్తే చాలదు, లెక్క కూడా రావాలి

చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లలు లేని ఇల్లు మనలో అరుదు. వారిలో కొందరికి మంచి చేయి ఉంది. అక్షరాలు అందంగా రాస్తారు, బొమ్మలు గీస్తారు, కంప్యూటర్ మీద రంగులు దిద్దుతారు. అలాంటి పిల్లలు ఇంట్లో పెడుతున్న కోరిక ఒకటి ఈ మధ్య తరచుగా వింటున్నాం: "అబ్బా! టీ షర్టుల మీద నా సొంత డిజైన్లు వేయించి అమ్ముకుంటాను. రెండు లక్షలు సర్దండి."

ఈ మాట వినగానే పెద్దలు సాధారణంగా రెండు విధాలుగా స్పందిస్తారు. కొందరు "చొక్కాల మీద బొమ్మలేమిటి, అదీ ఒక వ్యాపారమేనా?" అని కొట్టిపారేస్తారు. మరికొందరు పిల్లల మీద ప్రేమతో అమ్మీ నగలు కుదువపెట్టి మరీ డబ్బు చేతికిస్తారు. ఈ రెండూ సరైనవి కావని మా అభిప్రాయం. ఇది నిజమైన వ్యాపారమే. ఇల్లు కదలలేని ఆడపిల్లలు, గృహిణులు కూడా చేయగలిగిన పనే. అయితే ఇందులో నష్టం ఎక్కడ దాగి ఉంటుందో తెలియకుండా దిగితే ఇంటి పొదుపు మూటగట్టిన చొక్కాలై అటక ఎక్కుతుంది. అందుకే ఈ వారం ఆ లోతుపాతులను పాఠకుల ముందు ఉంచుతున్నాం.

బట్ట ఒకరిది, అచ్చు మరొకరిది

ఈ వ్యాపారంలో డిజైనర్ బట్ట నేయడు, కుట్టడు. చాలా సందర్భాల్లో అచ్చు కూడా తానే వేయడు. సాదా టీ షర్టులు కొంటాడు, అచ్చు వేసేవారికి ఇస్తాడు, తయారైన సరుకు అమ్ముతాడు. తన సొంతమని చెప్పుకోగలిగింది డిజైను, కొనేవారికి ఇచ్చే మాట మాత్రమే. ఈ సంగతి మొదటే గ్రహించడం మంచిది.

మన దేశంలో అల్లిక బట్టలకు పెద్ద కేంద్రం తమిళనాడులోని తిరుప్పూరు. సాదా టీ షర్టులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. బట్ట మందాన్ని జీఎస్‌ఎం లెక్కన చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 180 జీఎస్‌ఎం బట్ట మామూలు వాడకానికి సరిపోతుంది. అంతకంటే బాగా పలచనైతే ఒళ్లు కనిపిస్తుంది, త్వరగా సాగిపోతుంది. ఇప్పుడు పిల్లలు ఇష్టపడుతున్న వదులు చొక్కాలకు 220, 240 జీఎస్‌ఎం వాడతారు.

అమ్మేవారు చెప్పిన మాటను నమ్మి వంద చొక్కాలు కొనడం తగదు. ముందు రెండు మూడు కొని, పొడవు, వెడల్పు కొలిచి రాసిపెట్టుకోవాలి. మూడుసార్లు ఉతికి ఆరేసి మళ్లీ కొలవాలి. ఎంత కుంచించుకుపోయిందో అప్పుడు తెలుస్తుంది. పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదికి వచ్చిందంటే ఆ అల్లిక నాసిరకమన్నమాట. కొన్నవారి ఇంట్లో బయటపడవలసిన లోపాన్ని మన ఇంట్లోనే కనిపెట్టడానికి ఇంతకంటే చౌకైన మార్గం లేదు.

ఏ అచ్చు ఎప్పుడు?

అచ్చు వేసే పద్ధతుల్లో పాతదీ, నమ్మకమైనదీ స్క్రీన్ ప్రింటింగ్. పెళ్లి పత్రికలు, సంచులు అచ్చు వేసేవారికి ఇది పరిచయమే. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను తయారు చేయాలి. పది చొక్కాలు వేసినా, వంద వేసినా స్క్రీను ఖర్చు మారదు. కనుక ఎక్కువ చొక్కాలకు ఇది చౌక, తక్కువైతే భారం. రంగుల సంఖ్య తగ్గించుకున్న డిజైనర్ ఖర్చు తగ్గించుకున్నట్టే. టీ షర్టులకు ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ సిరా పూర్తిగా పట్టుకోవాలంటే సుమారు 160 డిగ్రీల వేడి తగలాలి. ఆ వేడి చాలకపోతే నాలుగు ఉతుకులకే అచ్చు పగుళ్లు ఇస్తుంది.

రెండోది డీటీఎఫ్. డిజైన్‌ను ముందు ఫిల్ము మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్సుతో చొక్కాకు అంటిస్తారు. దీనికి స్క్రీను ఖర్చు లేదు. ఒక్క చొక్కా అయినా వేయవచ్చు, ఎన్ని రంగులైనా ఉండవచ్చు. అయితే పెద్ద బొమ్మ వేస్తే ఛాతీ మీద ప్లాస్టిక్ అట్ట పెట్టినట్టు ఉంటుంది, గాలి ఆడదు. మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు.

చాలామంది యువకులు చేసే పని ఏమిటంటే, ఆర్డర్లు రాకముందే ముద్రణ యంత్రం కొనడం. ఈ యంత్రాల్లో వాడే తెల్ల సిరా నిలవ ఉంటే అడుగున పేరుకుంటుంది, యంత్రం తలను మూసేస్తుంది. రోజూ పని ఉన్నవారికే అది లాభం. పని లేని యంత్రం దానంతటదే పాడవుతుంది. కనుక మొదటి ఏడాది అచ్చు పని ఊళ్లో ఉన్న ప్రింటర్‌కే అప్పగించడం క్షేమం.

లాభం చివరి చొక్కాల్లోనే

ఇక అసలు లెక్కకు వద్దాం. ఇవి వివరించడానికి వేసుకున్న అంకెలే. మీ ఊరి ధరలు పెట్టి మీరూ వేసి చూడండి. సాదా చొక్కా 150 రూపాయలు, అచ్చు 40, సంచి, లేబులు, రవాణా కలిపి 20. మొత్తం 210. వంద చొక్కాలకు పెట్టుబడి 21,000 రూపాయలు. ఒక్కోటి 350కి అమ్మారనుకుందాం. "చొక్కాకు 140 లాభం, వందకు 14,000" అని పిల్లలు సంబరపడతారు.

కానీ డబ్బు ఆ వరుసలో రాదు. మొదటి 60 చొక్కాలు అమ్మితే వచ్చేది సరిగ్గా 21,000. అంటే ఆ అరవై చొక్కాలూ పెట్టుబడిని తిరిగి తెచ్చాయి, అంతే. లాభమంతా మిగిలిన నలభైలోనే ఉంది. ఆ నలభైలో పది మాత్రమే అమ్ముడై ముప్పై మిగిలిపోతే చేతికి వచ్చేది 3,500. అది నెల రోజుల శ్రమకు కూలి కూడా కాదు. ఆ మిగిలేవి కూడా ఎక్కువగా చివరి కొలతలే. అన్ని కొలతలూ సమానంగా వేయించినవారి దగ్గర మధ్య కొలతలు ముందే అయిపోయి, మరీ చిన్నవి, మరీ పెద్దవి మూలుగుతుంటాయి.

దీనికి విరుగుడు తక్కువ వేయించడం, వీలైతే ముందే అమ్మడం. నమూనా చూపించి, కొంత బయానా తీసుకుని, వచ్చిన ఆర్డర్ల కొలతల ప్రకారమే అచ్చుకు ఇవ్వాలి. బయానా తీసుకున్నామంటే ఆ డబ్బు మన దగ్గర అమానత్ అని మరువరాదు. చెప్పిన తేదీకి సరుకు అందాలి. రంజాన్ పండుగకు ఇస్తామన్న చొక్కా పండుగ మర్నాడు వస్తే ఆ ఇంటి పిల్లవాడికి దానితో ఏం పని? సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. పార్సెల్ తీసుకోకుండా తిప్పి పంపితే రానూపోనూ ఛార్జీలు అమ్మినవారి నెత్తినే పడతాయి.

అమెరికాలో జానీ ఎర్ల్ అనే యువకుడి అనుభవం ఇక్కడ గమనించదగ్గది. బోస్టన్ ప్రాంతానికి చెందిన ఆయన 2001లో పాత కారు డిక్కీలో టీ షర్టులు పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టాడు. పుర్రె, ఎముకల గుర్తులో పుర్రె స్థానంలో కప్‌కేక్ పెట్టడం ఆయన డిజైన్. తోటి ఉద్యోగులు సరదాగా పెట్టిన 'జానీ కప్‌కేక్స్' అన్న పేరే వ్యాపారానికి పేరైంది. 2005లో తన సొంత ఊరు హల్‌లో, 2006లో బోస్టన్‌లోని న్యూబరీ వీధిలో దుకాణాలు తెరిచాడు. పెద్ద స్టోర్ల వారు సరుకు అడిగినా ఇవ్వలేదు. డిజైన్లను కొద్ది సంఖ్యలోనే వేయించి అమ్మాడు. ఎక్కడపడితే అక్కడ దొరకదు కనుకనే జనం వరుసకట్టి కొన్నారు. తక్కువ వేయించడం పేదరికం వల్ల చేసే పని అని మనం అనుకుంటాం. ఆయన దాన్నే తన బలంగా మార్చుకున్నాడు.

బొమ్మ మనదేనా?

బజారులో సినిమా హీరోల ఫొటోలు, కార్టూన్ బొమ్మలు, పెద్ద కంపెనీల గుర్తులు వేసిన చొక్కాలు కుప్పలుగా కనిపిస్తాయి. "అందరూ వేస్తున్నారు, మనం వేస్తే తప్పేమిటి?" అని పిల్లలు అడుగుతారు. వేరొకరి శ్రమను అడగకుండా తీసుకుని అమ్ముకోవడం ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. చట్టమూ ఊరుకోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద గానీ, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద గానీ నేరం రుజువైతే మామూలుగా 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

అక్షరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఫాంట్లలో చాలావాటిని సొంత వాడకానికే అనుమతిస్తారు, వ్యాపారానికి కాదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సురన్న వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కనుక వాటితో అచ్చు వేసుకోవచ్చు. మన సొంత డిజైన్‌కు రక్షణ కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకునే వీలుంది. పదేళ్లు హక్కు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అయితే డిజైన్‌ను బయట చూపించక ముందే దరఖాస్తు చేయాలి.

మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన ఆస్తి ఉంది. అది రెండు లిపుల పరిచయం. హైదరాబాదు ఛత్తా బజారులో ఉర్దూ అక్షరాలను చేత్తో చెక్కినట్టు రాసే ఖుష్‌నవీసుల విద్య ఒకప్పుడు వెలిగింది. ఆ నస్తాలీఖ్ వంపులు, తెలుగు అక్షరాల గుండ్రదనం పక్కపక్కన పెట్టి ఊరి పేర్లు, సామెతలు, వంటకాల పేర్లు రాయగలిగిన పిల్లలు మనకు ఉన్నారు. ఇలాంటిది బయటివారు సులువుగా కాపీ కొట్టలేరు. అయితే అల్లాహ్ నామాన్ని, ఖుర్ఆన్ వాక్యాలను చొక్కా మీద వేయవద్దని పెద్దలు చెప్పే మాట సబబైనది. చొక్కా మురికి పడుతుంది, ఉతికే బట్టల్లో పడుతుంది, మరుగుదొడ్డికీ వెళ్తుంది. గౌరవించవలసిన దాన్ని అక్కడికి తీసుకెళ్లడం తగదు.

పెట్టుబడి, కాగితం

రెండు లక్షలతో మొదలుపెట్టవలసిన వ్యాపారం కాదిది. ఒకటి రెండు డిజైన్లు, యాభై చొక్కాలతో మొదలుపెట్టి, ఆ డబ్బు తిరిగి వచ్చాకే రెండో విడతకు పోవచ్చు. వడ్డీ అప్పు జోలికి వెళ్లవలసిన అవసరం అప్పుడు రాదు. మామూ దగ్గరో, చాచా దగ్గరో చేబదులు తీసుకుంటే ఎంత, ఎప్పటికి అన్నది రాసుకోవాలి. బంధువుల మధ్య కాగితమేమిటని మొహమాటపడతారు. బాకీని గడువుతో సహా రాయించి, సాక్షులను పెట్టుకోవాలన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 282వ వాక్యంలో ఉంది. గ్రంథం మొత్తంలో అదే అతి పొడవైన వాక్యమన్నది గమనార్హం.

అప్పు కాకుండా వాటాగా ఇస్తే అది ముజారబత్. ఒకరిది డబ్బు, మరొకరిది శ్రమ. లాభంలో ఎవరికి ఎంత భాగమో ముందే నిర్ణయించుకోవాలి. నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే డబ్బు పెట్టినవారు డబ్బు, శ్రమపడినవారు శ్రమ కోల్పోతారు. "నెలకు ఇంత ఇస్తాను" అని కచ్చితమైన మొత్తం ఒప్పుకుంటే అది ముజారబత్ కాదు.

ప్రభుత్వ నిబంధనలూ తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. సరుకు అమ్మేవారు ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే నమోదు చేయించుకోవాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే మాత్రం ఈ పరిమితి వర్తించదు, ముందే నమోదు కావాలి. చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదు 2020 జూలై నుంచి ఉంది, దానికి రుసుము లేదు. డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు బొమ్మ చూపించి డబ్బు అడిగితే నవ్వవద్దు, వెంటనే ఇవ్వనూ వద్దు. ఒక కాగితం ఇచ్చి ఎన్ని చొక్కాలు, ఒక్కోటి ఎంత పడుతుంది, ఎన్నో చొక్కాతో పెట్టుబడి తిరిగి వస్తుంది, మిగిలితే ఏం చేస్తావు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాయమనండి. రాయగలిగితే మొదటి యాభై చొక్కాలకు సాయపడండి. రాయలేకపోతే పక్కన కూర్చుని ఆ లెక్క నేర్పండి. అతడు రేపు ఏ వ్యాపారం చేసినా ఆ లెక్క అక్కరకు వస్తుంది.